లోడు ఆగిన వేళలు

నాకు అనుమానం ఎక్కువ. పెళ్ళయిన మొదటి వారంలోనే ఈ సంగతి మా ఇంట్లో తేలిపోయింది. సింహాచలం వెళ్తే నా చెప్పులు రెండూ ఒకచోట వదలను. ఎడమది ఒక మూల, కుడిది ఇంకో మూల పెడతాను, జత లేని చెప్పు ఎవడూ ఎత్తుకుపోడని. గ్యాసు కట్టేశానని మా ఆవిడ చెప్పాక కూడా వెళ్ళి ఇంకోసారి తిప్పి చూస్తాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వస్తూ పెట్టె బేడాతో పాటు ఈ గుణాన్ని కూడా మోసుకొచ్చాడని, ఆస్తి కింద నాకు దక్కింది అదొక్కటేనని ఆవిడ దెప్పుతుంది. కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాడికి ఈ గుణం ఉండి తీరాలని నేను వాదించేవాణ్ణి. ఇప్పుడు వాదించను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఓడల్లో వచ్చిన బొగ్గూ సున్నపురాయీ నిలవ చేసే ఒక యార్డులో కంప్యూటర్ సెక్షన్ నా చేతిలో ఉండేది. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక ఏసీ గది, అందులో సర్వరు, నేను, ఒక కాంట్రాక్టు ఆపరేటరు. గేటు దగ్గర మూడు కౌంటర్లు, వాటిలో మూడు కంప్యూటర్లు. ఒకటో కౌంటర్లోనూ మూడో కౌంటర్లోనూ కుర్రకారు. మధ్య కౌంటర్లో రిటైర్మెంటుకి రెండేళ్ళున్న పెద్దావిడ, గోదావరి జిల్లా మనిషి, అందరం పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. సరుకు నింపుకున్న లారీ బయటికి పోవాలంటే ఈ కౌంటర్లలో గేట్ పాస్ కొట్టాలి. పాసు కొట్టాలంటే ఆ లారీ బరువు ముందుగా సర్వర్లో ఉండే మా రిజిస్టర్లో ఉండాలి. ఓడ మీద కొత్త సరుకు దిగితే దాని మొదటి ఎంట్రీ కూడా ఈ కౌంటర్లలోనే, అదే రిజిస్టర్లో చేసేవాళ్ళు.

ఆ బరువులు తూచే కాటా ఇంకోచోట, పోర్టు వైపు ఉండేది. అక్కడి కంప్యూటరుకీ మా దానికీ తీగ లేదు. రోజుకి నాలుగైదు సార్లు మా ఆపరేటరు మోపెడ్ మీద వెళ్ళి ఫ్లాపీ తెచ్చి, అందులోని వందల లైన్లని ఒక్క దెబ్బన రిజిస్టర్లోకి ఎక్కించేవాడు. దీన్నే లోడు అనేవాళ్ళం. లోడు జరిగే రెండు మూడు నిమిషాలూ రిజిస్టరు మొత్తం దానికే కావాలి, ఇంకెవరూ వేలు పెట్టకూడదు. కంప్యూటర్ తనే తాళం వేసుకుని, పనయ్యాక తనే తీసేది. ఆ కాసేపూ కౌంటర్ల వాళ్ళు ఒళ్ళు విరుచుకునేవారు.

ఆ వేసవిలో వచ్చింది చిక్కు. వారానికి రెండు మూడుసార్లు లోడు మొదలై అక్కడే కూర్చుండిపోయేది. పది నిమిషాలు, అరగంట, ఒక్కోసారి గంట పైన. కౌంటర్లు బిగుసుకుపోయేవి. లారీలు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరేవి, డ్రైవర్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచేవాళ్ళు, ఆఫీసరు ఫోను మీద ఫోను. కాసేపటికి ఎవరూ ఏమీ చెయ్యకుండానే అంతా కదిలిపోయేది. ఇదే నన్ను ఎక్కువ పొడిచింది. చెడిపోయిన యంత్రం దానంతట అది బాగుపడదు. ఎవడో ఆపుతున్నాడు, ఎవడో వదులుతున్నాడు అనుకున్నాను.

ఎవరి వల్ల ఎవరు ఆగారో చూపించే జాబితా ఒకటి సర్వర్లో ఉంటుంది. తీసి చూశాను. ఒకటో కౌంటరూ మూడో కౌంటరూ లోడు కోసం ఆగి ఉన్నాయి. లోడు ఎవరిది? ఆపరేటరుది. నాకు అంతే చాలింది. లోడు ఆపేయమంటే ఆపేవాడు, కౌంటర్లు వెంటనే కదిలేవి. మళ్ళీ మొదలెట్టమంటే మొదలెట్టేవాడు, మళ్ళీ బిగుసుకునేవి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అతను భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె వాడు. ముప్ఫై దాటి ఉంటాయి, నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. రోజూ మొదటి బస్సుకి వచ్చేవాడు. చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంట్లో నేల మీద ఉద్యోగం చేసిన మొదటి మనిషి తనే. ఒకరోజు టీ దగ్గర నేను అడక్కుండానే చెప్పాడు. "మా అన్న ఏటకెల్లి తిరిగి రాలేదండి. పడవొచ్చింది గానీ అన్న రాలేదు. మా అమ్మ నా సెయ్యట్టుకుని ఒట్టేయించుకుంది, సముద్రం మీదకి ఎల్లనని. అందుకే కంప్యూటర్ నేర్సుకున్నానండి. ఈ పని పోతే నాకు మళ్ళీ పడవే."

వింటున్నప్పుడు జాలేసింది, దాచుకోను. సాయంత్రం ఇంటికి పోయేసరికి ఆ జాలి విరిగిపోయింది. అడక్కుండా ఇంత కథ ఎందుకు చెప్పాడు? నన్ను ముందే మెత్తబరుస్తున్నాడా? మా ఆవిడతో అంటే ఆవిడ కూర తరుగుతూ, "మీకు ఎవరైనా ఏమైనా చెప్పడమే తప్పు," అంది.

మర్నాటి నుంచి కాపలా మొదలుపెట్టాను. అతను ఫ్లాపీ పెడుతుంటే కుర్చీ వెనక నిలబడేవాణ్ణి. మోపెడ్ ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి వచ్చింది రాసుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం గేటు బయట ఒక లారీ డ్రైవరు భుజం మీద చెయ్యేసి మాట్లాడుతూ కనిపించాడు.

"ఏటి బావా, ఇయ్యాల కూడా లైనేనా?" అన్నాడు డ్రైవరు.

"ఏటి సేత్తాం బావా, కాసేపు ఓపిక పట్టు, అదే ఒదిలీత్తది," అన్నాడు ఇతను.

అదే వదిలేస్తుందని ఇతనికి ఎలా తెలుసు? పైగా బావట! ఈ ఊళ్ళో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదని, చిన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగిన నాకు తెలియక కాదు. కానీ ఆ క్షణంలో ఆ మాట నాకు చుట్టరికం లాగే వినపడింది. ఎవరివో లారీల్ని ముందుకు పోనివ్వడానికి మిగతా వాళ్ళని ఆపుతున్నాడని తీర్మానించుకున్నాను. ఎవరి లారీలు ముందుకు పోతున్నాయో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. దొరక్కపోయేసరికి, వీడు నేననుకున్న దానికంటే గట్టివాడు అనుకున్నాను.

లోడు బిగుసుకున్న వేళలు ఒక నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. సోమవారం ఎనిమిది. బుధవారం పన్నెండున్నర. శుక్రవారం పదకొండు. మంగళవారం మూడుంపావు. గురువారం రెండు. ఒక రోజున్న వేళ ఇంకో రోజు లేదు. పట్టుబడకుండా ఉండడానికి రోజుకో వేళ ఎంచుకుంటున్నాడని పుస్తకం అడుగున రాసి, దాని కింద రెండు గీతలు గీశాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నెలాఖరుకి అతని కాంట్రాక్టు పొడిగించాల్సి ఉంది. ఆఫీసరు పిలిచి, "ఏం చేద్దామంటారు? మీ మాటే నా మాట," అన్నాడు. నేను అరపేజీ కాయితం రాసిచ్చాను. లోడింగు సమయంలో ఇతని పనితీరు అనుమానాస్పదంగా ఉందనీ, పదే పదే గేటు నిలిచిపోవడానికి ఇతను నడిపే లోడే కారణమని సర్వరు చూపిస్తోందనీ, కొనసాగించడం మంచిది కాదనీ. అందులో అబద్ధమని పట్టుకునే వాక్యం ఒక్కటీ లేదు. అంత జాగ్రత్తగా రాశాను.

అతను గుర్తింపు కార్డూ మోపెడ్ తాళమూ ఫ్లాపీల డబ్బా నా బల్ల మీద పెట్టాడు. ఫ్లాపీల మీద తేదీలు తన గుండ్రటి అక్షరాలతో వరసగా రాసి ఉన్నాయి.

"నా తప్పేటండి?" అన్నాడు.

"పైనుంచి వచ్చిన నిర్ణయం. నా చేతిలో ఏం లేదు," అన్నాను.

ఇంకేమైనా అంటాడేమోనని నేను స్క్రీను వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటించాను. అతను వెళ్ళిపోయాడు.

కొత్త మనిషిని ఇచ్చేదాకా లోడు నేనే చెయ్యాల్సి వచ్చింది. కాటా దగ్గరికి ఎండలో మోపెడ్ మీద నేనే పోయేవాణ్ణి. మూడు రోజులు సాఫీగా నడిచింది. ఆఫీసరు నా భుజం తట్టాడు. నాలుగో రోజు శుక్రవారం. పదకొండింటికి ఫ్లాపీ పెట్టి లోడు మొదలెట్టాను. బిగుసుకుపోయింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. వీడు పోతూ పోతూ ప్రోగ్రాములో ఏదో పెట్టి పోయాడు అనుకున్నాను. బయట హారన్లు మోగుతుంటే లోడింగు ప్రోగ్రాము మొత్తం తెరిచి లైను లైనూ చదివాను. ఎక్కడా ఏమీ లేదు. నేను రాసింది రాసినట్టే ఉంది. అతను ముట్టుకున్నది ఒక్కచోటే. ఖాళీ లైనుంటే లోడు చెడిపోతుందని ఆ లైన్లు తీసేసే ఏర్పాటు చేశాడు. అది నేను చెయ్యాల్సిన పని.

అప్పుడు మళ్ళీ ఆ జాబితా తీశాను. కౌంటర్లు లోడు కోసం ఆగి ఉన్నాయి, పాత సంగతే. లోడు నాది. నేనేమీ ఆపడం లేదని నాకు తెలుసు. అయితే లోడు ఎవరి కోసం ఆగింది? ఆ ప్రశ్న నేను అన్నాళ్ళూ అడగనే లేదు. కావలసిన మనిషి పేరు దొరకగానే చదవడం ఆపేశాను. ఇంకో లైను కిందికి వెళ్తే ఉంది, రెండో కౌంటరు.

పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర ఇలాంటిది చూసే ఉంటారు. ఒక బంతి లేస్తే ఆకులు తీసి, తుడిచి, రెండో బంతిని కూర్చోబెట్టాలి. ఒక్క పెద్దమనిషి ఆకు ముందు నుంచి లేవడు. చీపురు పట్టుకున్నవాడు ఆయన లేచేదాకా గుమ్మంలో నిలబడతాడు. వెనక ఆకలితో ఉన్న జనానికి లోపలి పెద్దమనిషి కనిపించడు, గుమ్మానికి అడ్డంగా ఉన్న చీపురువాడే కనిపిస్తాడు. తిట్లన్నీ వాడికే.

గేటు దగ్గరికి పరిగెత్తాను. రెండో కౌంటర్లో కుర్చీ ఖాళీ. స్క్రీను మీద కొత్త సరుకు మొదటి ఎంట్రీ పూర్తిగా టైపు చేసి ఉంది. ఓడ పేరు, సరుకు రకం, టన్నులు, అన్నీ. సేవ్ మాత్రం చెయ్యలేదు. పిన్నిగారు వెనక బల్ల మీద కూర్చుని గ్లాసుతో మజ్జిగ తాగుతున్నారు.

"పిన్నిగారూ, ఇది సేవ్ చెయ్యలేదేమిటి?"

"చేస్తానండీ. పన్నెండు దాటనివ్వండి."

"పన్నెండెందుకు?"

"శుక్రవారం కదండీ, పదిన్నర నుంచి రాహుకాలం. కొత్త సరుకు ఎవరైనా రాహుకాలంలో మొదలెడతారా? ఓడ మీద వచ్చిన సరుకది, ఎంతమంది చేతుల మీదుగా దిగిందో. కాయితాల రోజుల్లో కూడా అంతేనండీ. ఫారం మొత్తం నింపేసి, సంతకం మాత్రం రాహుకాలం పోయాకే పెట్టేదాన్ని. ముప్ఫై ఏళ్ళలో ఒక్క సరుకూ పేచీ పడలేదు."

"మరి కంప్యూటర్లో ఇలా వదిలేయమని ఎవరు చెప్పారు?"

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "మీరే కదండీ! నేర్పిన రోజున నేను అడిగితే మీరే అన్నారు, టైపు చేసి ఉంచుకోండి పిన్నిగారూ, సేవ్ నొక్కేదాకా అది మొదలైనట్టు కాదు, ఎంతసేపైనా అలాగే ఉంటుంది, అని."

అన్నాను. నవ్వుతూ అన్నాను. పెద్దావిడ, కంప్యూటరంటే భయపడుతోంది, ఆవిడ పట్టింపుకి అడ్డం రాకుండా తేలిగ్గా ఒక దారి చూపించానని ఆ రోజు తెగ మురిసిపోయాను కూడా. టైపు చేసి వదిలేస్తే ఆ లైను రిజిస్టర్లో ఒక చోటు పట్టుకుని కూర్చుంటుందని, అప్పుడు లోడు వస్తే మొత్తం రిజిస్టరు దొరక్క గుమ్మంలో ఆగిపోతుందని, లోడు వెనక వచ్చిన వాళ్ళంతా దాని వెనకే ఆగాలని, ఇదంతా తెలిసిన మనిషిని యార్డు మొత్తానికీ నేనొక్కణ్ణే. నాకే తట్టలేదు. మిగతా రెండు కౌంటర్లు బిగుసుకుంటే ఆవిడది కూడా బిగుసుకుందనే అనుకున్నాం. ఆవిడా అడగలేదు, మేమూ అడగలేదు.

గోడకి పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. గదిలోంచి నా నోటుపుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. నాది ఎనిమిది. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. నాది పన్నెండున్నర. గురువారం, మంగళవారం, అన్నీ సరిపోయాయి. పుస్తకం అడుగున నేను గీసిన రెండు గీతలూ అలాగే ఉన్నాయి. ప్రతి ఇంట్లో వంటగది గోడకి ఉండే కాయితం, మా ఇంట్లో కూడా ఉంది, రోజూ దాని పక్కనే నిలబడి కాఫీ తాగుతాను.

పిన్నిగారికి నెమ్మదిగా చెప్పాను. కొత్త సరుకు ఉంటే రాహుకాలం రాకముందే సేవ్ చేసేయండి, లేకపోతే అది పోయాక టైపు మొదలెట్టండి, మధ్యలో వదలొద్దు, అని. "అయ్యో, అలాగేనండీ, ముందే చెప్పుంటే బాగుండేది కదా," అన్నారావిడ. ఆపరేటరు ఉద్యోగం పోయింది దీనివల్లేనని ఆవిడకి చెప్పలేదు. చెప్తే బాధపడతారని అనుకున్నాను. ఆ తర్వాత లోడు మళ్ళీ ఆగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి, ఆపరేటరు తప్పేమీ లేదని ఇంకో కాయితం రాసిచ్చాను. ఆయన విసుక్కుని, "వస్తే పెట్టుకోండి," అన్నాడు. అతనికి ఫోను లేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

పల్లెలో అడిగితే ఒడ్డు వైపు చూపించారు. ఒక ముసలావిడ ఇసకలో సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గంప.

"ఎవులు బాబూ?" అంది.

చెప్పాను, యార్డు నుంచి వచ్చానని.

"మా గుంటడు ఏటకెల్లీసినాడు బాబూ. ఒచ్చే ఏలయింది." నా వైపు తిరిగి అడిగింది. "మా ఓడు ఏటి తప్పు సేసినాడు? ఎంతడిగినా సెప్పడు."

"ఏ తప్పూ చెయ్యలేదమ్మా."

"మరెందుకు తీసీసినారు?"

దానికి నా దగ్గర జవాబుంది, పూర్తిగా ఉంది, తాళం దగ్గర నుంచి రాహుకాలం దాకా. ఒక్క ముక్క కూడా నోట్లోంచి రాలేదు. ఆవిడ మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది. నేనూ పక్కన కూర్చుని చూశాను. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పడవ కనిపించగానే ఆవిడ అందులో ఉన్న తలలు లెక్కపెట్టుకునేది, పెదాలు కదుపుతూ. నాలుగో పడవ దగ్గర లేచి నిలబడి గంప అందుకుంది.

అతను తడిసిన బట్టలతో వచ్చాడు. నన్ను చూసి చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు. పక్కకి పిలిచి అంతా చెప్పాను. పిన్నిగారి రాహుకాలం, నేను ఆవిడకి నేర్పిన పద్ధతి, నేను చదవకుండా వదిలేసిన లైను, రాసిచ్చిన మొదటి కాయితం, రెండో కాయితం. ఏమీ దాచలేదు. రేపే వచ్చి చేరమన్నాను. క్షమించమన్నాను.

అతను అంతా శ్రద్ధగా విన్నాడు, పని నేర్పుతుంటే వినేవాడే, అలాగ.

"పిన్నిగారి మీద కూడా కాయితం రాసినారా అండి?" అన్నాడు.

"లేదయ్యా. ఆవిడ తెలియక చేసింది."

"నాను తెలిసే సేసీసినానని మీకెలా తెలిసిందండి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, జవాబు కోసం నిలబడ్డాడు కూడా. కాసేపటికి అతను తల్లి చేతిలోని గంప తీసుకుని పడవ వైపు నడిచాడు. సోమవారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు.